మొగిలమ్మ పెట్టిన పచ్చిపులుసు

మట్టెవాడలో మా సందులో ముప్పై గడపలుంటాయి. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలను చాలావరకు మొదట ఎత్తుకున్నది మొగిలమ్మే. మా అన్న రాంచందర్‌ను ఎత్తింది, తొమ్మిదేండ్ల తరువాత నన్ను ఎత్తింది. ఆమె ఇల్లు ఖిలాలో, మట్టికోట గోడకు లోపలి వైపు. భర్త గట్టయ్య రాళ్లు కొట్టే పనికి పోయి అక్కడే చనిపోయాడు. పిల్లలు లేరు. ఎండిన కట్టెలా పొడుగ్గా ఉండేది. మాట తక్కువ. నొప్పులు పడేవాళ్లతో భయపడవద్దని ఎన్నడూ అనేది కాదట. "భయపడు బిడ్డా, ఏమైతది. భయపడుకుంటనే కను" అనేదట. మా అమ్మ లక్ష్మీనర్సమ్మ ఈ మాట చెప్పి నవ్వేది.

మంత్రసానిగా ఆమె గట్టిగా పట్టుబట్టేది ఒక్క పథ్యం దగ్గరే. బాలింతకు పదకొండు రోజులూ పాతబియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పులుపు వాసన కూడా సోకకూడదు. బాలింత పులుపు తింటే పాలు చెడి బిడ్డకు ఊపిరి ఆడదని ఆమె నమ్మకం. మా సందంతటిదీ అదే నమ్మకం. బాలింత గదికి పోయే కంచం వేరు, చెంబు వేరు. వాటిని ఇంట్లో ఇంకెవరూ వాడరు, కడగడం కూడా పెరట్లో విడిగా ఒక బండ మీద. మొగిలమ్మ పొద్దున రాగానే ఆ కంచాన్ని వాసన చూసి, తరువాతే నీళ్ల కాగు కింద మంట పెట్టేది. ఒకసారి పక్కింటి రాజేశ్వరమ్మ తన కూతురి పురుడప్పుడు ముద్దలో కాస్త మామిడికాయ తొక్కు కలిపి పెట్టింది. మొగిలమ్మ ఆ కంచాన్ని పెంటకుప్ప మీద బోర్లించి, మూడు రోజులు ఆ గడప తొక్కలేదు. రాజేశ్వరమ్మ అది మరిచిపోలేదు.

నేను ఆరో జమాత్ దాకా చదివాను. గడబిడలు మొదలైనాక నాన్న బడి మాన్పించాడు. తరువాత నా పని ఇంట్లో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీయడం. మా నాన్న వెంకట్రాజంది మిరపకాయల వ్యాపారం. కిటికీ పక్కన కూర్చునేదాన్ని కనుక సందులో జరిగేవన్నీ కనిపించేవి. ఎవరితోనూ మాట్లాడే అలవాటు లేదు కనుక అన్నీ గుర్తుండిపోయాయి.

అది నలభై ఎనిమిదో సంవత్సరం, శివరాత్రి దాటిన వారం. మా వదిన సుగుణకు మగపిల్లవాడు పుట్టాడు. అన్న ఇంట్లో లేడు. ఆరు నెలల కిందట స్టేట్ కాంగ్రెస్ వాళ్లతో కలిసి సరిహద్దు దాటి చాందా వైపు శిబిరానికి పోయాడు. అక్కడినుంచి వచ్చి, సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ నాకాలు తగలబెడుతున్న వాళ్లలో అతడున్నాడని ఠాణాలో పేరు రాసుకున్నారు. ఆ రోజుల్లో పేరు రాసుకున్నారంటే ఆ ఇంట్లో వంట చేసుకుని తినడం కూడా చప్పుడు కాకుండా జరిగేది. రజాకార్లు కవాతు చేస్తూ చౌరస్తా దాటుతుంటే బజారులో తలుపులు ఒకదాని వెంట ఒకటి పడేవి. పట్టుకుపోయిన వాళ్లలో ఇద్దరి బట్టలు మాత్రమే ఇళ్లకు తిరిగి వచ్చాయి.

పురుడైన మూడో రోజు మధ్యాహ్నం మా పెరటి వాకిట్లో మిరపకాయల బండి ఆగింది. సంచులు దించాక, వాటి కింది గోనెపట్టాలోంచి అన్న బయటికి వచ్చాడు. మిరప ఘాటుకు కళ్లు వాచి మూసుకుపోయాయి. ఎడమ పిక్కలో తూటా ఒరుసుకుపోయిన గాయం, చీము పట్టి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. కొడుకును చూడడానికి వచ్చానన్నాడు కాని, నడవలేకనే వచ్చాడని నాకు అర్థమైంది.

ఇంట్లో ఎక్కడ దాచినా దొరుకుతాడు. అమ్మ ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, అతణ్ని చెయ్యి పట్టి బాలింత గదిలోకి తీసుకుపోయింది. ఆ గదికి గుమ్మం మీద వేపమండలు, గడప దగ్గర నిప్పుల కుంపటి. పదకొండు రోజుల దాకా మైల. పరాయి మగవాడు ఎవడూ లోపలికి తొంగిచూడడు, సందులో ఆడవాళ్లు కూడా రారు. ఆ గదిలో ఖాళీ గోనెసంచులు పేర్చిన అటక ఉంది. అన్న ఆ సంచుల వెనక పడుకున్నాడు.

మరునాడు మొగిలమ్మ వేడినీళ్ల బిందెతో లోపలికి పోయింది. నేను వెనకే కుంకుడురసం తీసుకుని వెళ్లాను. అటక అంచున అన్న పాదం బయటికి కనిపిస్తోంది. మొగిలమ్మ బిందె దించి, ఆ పాదం వైపు చూసి, తల తిప్పకుండా అంది.

"కాలు లోపటికి తీస్కో బిడ్డా. సలి పెడ్తది."

అంతే. వదినకు నీళ్లు పోసింది. తరువాత రోజునుంచి బిడ్డకు రాసే పసుపు నూనెతో పాటు ఏవో ఆకుల పసరు తెచ్చి, అటక మీదికి అందించేది. ఎవరు, ఎప్పుడు వచ్చాడు, ఏమీ అడగలేదు.

ఐదో రోజు ఠాణా జమేదారు వచ్చాడు. వెంట ఇద్దరు రజాకార్లు, ఒక జవాను. ధాన్యం గాదెలో ఈటెలు గుచ్చారు. మిరపకాయల సంచులు కోసి కుమ్మరించారు. ఇల్లంతా దగ్గులే. బాలింత గది ముందు జమేదారు ఆగాడు.

"ఈ అర్రల ఎవరున్నరు?"

"కోడలు. బాలింతరాలు" అంది అమ్మ.

అప్పుడే మొగిలమ్మ తడి చేతులతో బయటికి వచ్చింది. ఆమెను చూడగానే జమేదారు మొహం అటు తిప్పుకున్నాడు. పోయిన వానాకాలంలో అతని భార్యకు పురుడు పోసింది ఆమే. ఆ పిల్లవాడు పదిహేనో రోజున చనిపోయాడు. అతను వేపమండలు చూసి, కుంపటి చూసి, వెనక్కి తగ్గాడు. "ఆడోళ్ల అర్రలకు నేను పోను. కాని నీ కొడుకు ఈ ఊరికి వస్తే ముందుగాల నాకే తెలుస్తది సావుకార్" అని నాన్నకు చెప్పి, సందు మొగదల జవానును కాపలా పెట్టి పోయాడు.

ఆ తరువాత రోజులను మేము వేళ్ల మీద లెక్కపెట్టాం. పదకొండో రోజు పురుడు కడుగుతారు. గది కడిగి సున్నం వేస్తారు, సందులోని ఆడవాళ్లంతా వచ్చి బిడ్డను చూస్తారు. అప్పటికి అన్న కాలు నేల మీద ఆనాలి, అతను పోవాలి. పెరటి గోడ దాటితే వెనక పత్తిగింజల గోదాము, దాని పక్క బాట మిల్లు వైపు పోతుంది. అటు చివర కూడా ఒక జవాను ఉన్నాడు. బిడ్డ ఏడిస్తే మాకు ధైర్యంగా ఉండేది, అన్న దగ్గు వినిపించదని. బిడ్డ నిద్రపోతే అందరం ఊపిరి బిగపట్టేవాళ్లం.

తిండి పెద్ద చిక్కు. లోపలికి పోయేది వదిన కంచం ఒక్కటే. రెండో కంచం పోతే పెరటి గోడ మీదినుంచి రాజేశ్వరమ్మ చూస్తుంది. అందుకని ఆ కంచంలోనే ముందు వదిన, తరువాత అన్న. ఐదు రోజులు అతను బాలింత తిండే తిన్నాడు. ఎనిమిదో రోజు జ్వరం తగ్గింది. నేను కుంపటిలో బొగ్గులు వేస్తుంటే అటక మీదినుంచి మెల్లగా అన్నాడు.

"చెల్లే, అమ్మకు చెప్పు. ఈ వెల్లుల్లి కారం నాతోని కాదు. జర పచ్చిపులుసు కలిపి రెండు ముద్దలు పెట్టుమను. ఆరు నెలలైంది."

నేను చెప్పాను. చెప్పకపోతే బాగుండేది. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తరిగి పచ్చిపులుసు చేసింది. అన్న తిన్నాడు. అమ్మ ఎంత సంతోషపడిందంటే కంచం సంగతే మరిచిపోయింది. నేనూ మరిచిపోయాను. కంచం పెరట్లో బండ మీద పెట్టి నీళ్లకని లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గోడ మీద రాజేశ్వరమ్మ తల ఉంది.

"ఏందక్కా, బాలింత కంచంల పచ్చిపులుసు మెతుకులా?"

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో లేదు, అది... నా కంచం" అంది.

"నీ కంచం ఆ బండ మీదికి ఎందుకొచ్చె? మైల కంచం నువ్వు తింటివా ఏంది?"

అమ్మ గబగబా కంచం మీద నీళ్లు కుమ్మరించింది. రాజేశ్వరమ్మ చెడ్డమనిషి కాదు. మమ్మల్ని పట్టించాలని కూడా అనుకోలేదు. ఆమెకు అదొక మంచి కబురు, అంతే. సాయంత్రానికి బావి దగ్గర అందరికీ తెలిసింది. మొగిలమ్మ చేతికింద ఉన్న బాలింత పచ్చిపులుసు తాగుతాందట అని నవ్వుకున్నారు. జమేదారు ఇంటికి నీళ్లు మోసే ఆమె కూడా ఆ బావి దగ్గరే ఉంది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. అన్న కాలు అప్పుడే ఆనుతోంది. మరునాడు చూసి పంపుదామన్నాడు నాన్న.

మరునాడు పదకొండు గంటలకు, అంబటిపొద్దు దాటాక, జమేదారు ఇద్దరు రజాకార్లతో వచ్చాడు. ఈసారి ఇల్లు వెతకలేదు. నడిమింట్లో బల్ల మీద కూర్చుని, కట్టెను మోకాళ్ల మీద పెట్టుకుని, ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు.

"సావుకారమ్మా, నా ఇంట్ల గూడ పురుళ్లయినయి. బాలింత పులుపు తినదని నాకు ఎరికే. మరి లోపట ఎవరు తింటాన్రు?"

నాన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సందులో ఆడవాళ్లు వాకిలి దాకా వచ్చి గుమిగూడారు, ముందు రాజేశ్వరమ్మ. ఆమె మొహం పాలిపోయింది. తన మాట ఎక్కడిదాకా వచ్చిందో అప్పుడు తెలిసినట్టుంది.

"తల్లిని, పిల్లను బయటికి తీస్కరాండ్రి. అర్ర చూడాలె" అన్నాడు జమేదారు.

గదిలో మొగిలమ్మ బిడ్డకు నలుగు పెడుతోంది. ఆమె లేచి వచ్చింది. చేతులకు ఇంకా సున్నిపిండి ఉంది. గడప మీద నిలబడింది.

"ఎవరు తిన్నరని అడుగుతానవా? బాలింతనే తిన్నది. నేనే పెట్టిన" అంది.

ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది.

"నువ్వా?" అంది రాజేశ్వరమ్మ. "నా బిడ్డ ముద్దల తొక్కు ఇంతంత కలిపితే కంచం పెంట మీద వడేసిన నువ్వా?"

"నేనే. పిల్ల నోరు సప్పగున్నదని ఏడ్చింది. పెట్టిన."

జమేదారు అమ్మ వైపు చూశాడు. మొగిలమ్మ కూడా చూసింది. ఇప్పుడు అమ్మ కోప్పడాలి. మనుమడి ప్రాణం మీదికి తెచ్చిన మంత్రసానిని ఏ అత్తా వదలదు. అమ్మ మాత్రం కొయ్యలా నిలబడి ఉంది. ఆమె కింది పెదవి వణకడం నేను చూశాను. ఇంకొక్క క్షణం అయితే ఏడ్చేది. జమేదారు కట్టె తీసుకుని లేచాడు.

అప్పుడు మొగిలమ్మ గొంతు పెంచింది. ఆమె గట్టిగా మాట్లాడడం ఆ సందులో ఎవరూ వినలేదు.

"పెట్టకుంట ఏం జెయ్యాలె? కడుపు నిండ పెట్టే ఇల్లయితే కద! ఇంత పెద్ద సావుకారి ఇల్లు, నెయ్యి గిన్నె ఉట్టి మీద దాస్తది ఈమె. తొమ్మిది దినాలకెల్లి కోడలు వట్టి మెతుకులు మింగుతాంది. గీ పిసినారామె ఇంట్ల కనుడుకన్న తొవ్వల కనుడు నయం!"

అమ్మ మొహంలోకి రక్తం ఎక్కడం కనిపించింది. ఆమెను ఏమన్నా పడుతుంది, కోడలిని అరకడుపుతో ఉంచిందంటే మాత్రం పడదు.

"నేనా? నేను కడుపు మాడ్సిన్నా?" అని ఒక్కసారిగా విరుచుకుపడింది. "శేరు నెయ్యి తెప్పిచ్చిన నేను! ఓసి పాపిష్టిదానా, నా మనుమని గొంతుల చింతపండు పోసి నన్నంటవా? నీ కడుపున ఒక్క కాయ కాయలే, నీకేం ఎరిక పిల్లల సంగతి! పో, నడువ్! నా గడప తొక్కితే కాళ్లిరుగుతయ్!"

ఆ మాటలు అమ్మ నిజంగానే అంది. చీపురు ఎత్తి నిజంగానే కొట్టింది. ఆడవాళ్లు కూడా అందుకున్నారు. ఎవరి ఇంట్లో ఏ పిల్లకు జలుబు చేసిందో, ఏ బాలింతకు జ్వరం వచ్చిందో అన్నీ అప్పుడే గుర్తుకొచ్చాయి.

జమేదారు కదలకుండా నిలబడ్డాడు. అతను మా గది సంగతే మరిచిపోయాడని నాకు అతని కళ్లలో కనిపించింది.

"నా ఇంట్ల గూడ నువ్వే ఉంటివి" అన్నాడు. "నా పోరడికి గూడ గిట్లనే చేసినవా?"

మొగిలమ్మ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. లేదని ఒక్క మాట అనవచ్చు. అంటే అతను మళ్లీ గది వైపు తిరుగుతాడు. ఆమె తల వంచుకుని వాకిట్లోకి దిగి, సందులోకి నడిచింది. అతను వెనకే పోయాడు. రజాకార్లు పోయారు, ఆడవాళ్లందరూ పోయారు.

నేను కిటికీకి అతుక్కుపోయాను. ఆమె గబగబా పోవచ్చు. పోలేదు. ఒక్కో గడప దగ్గర ఆగింది. ఎవరు తిట్టినా నిలబడి మాటకు మాట చెప్పింది. సందు నడిమధ్యకు వచ్చాక నేల మీద కూర్చుండిపోయింది. "లే, ఠాణాకు నడువ్" అని జమేదారు అరిచాడు. ఆమె లేవలేదు. కట్టె పైకి లేచింది. మొహానికి అడ్డంగా ఆమె కుడిచెయ్యి పెట్టింది. రెండు దెబ్బలూ ఆ మణికట్టు మీదే పడ్డాయి. ఆమె నోటినుంచి వచ్చిన చప్పుడు నేను ఇప్పటికీ చెప్పలేను. సందు మొగదల జవాను పరుగెత్తుకొచ్చాడు. ఆ గోల విని గోదాము వెనక కాపలా ఉన్నవాడు కూడా వచ్చి గుంపులో నిలబడ్డాడు. వాడి తలపాగా కనపడగానే నేను లోపలికి పరుగెత్తాను.

"అన్నా, ఎన్క ఎవ్వలు లేరు" అన్నాను.

అతను అటక దిగాడు. బిడ్డ వైపు ఒకసారి చూశాడు, ముట్టుకోలేదు. వదిన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పెరటి గోడ దాటేటప్పుడు మిల్లు కూత వినిపించింది. పన్నెండు.

ఆమెను ఆ సాయంత్రమే వదిలేశారని విన్నాం. పోయి చూడడానికి లేదు. కొట్టి వెళ్లగొట్టినదాన్ని ఓదారిస్తే సందంతా అనుమానపడుతుంది. అన్న చేరాడో, దారిలోనే దొరికాడో కూడా తెలియదు. ఏడు నెలలు నాన్న రోజూ దుకాణం తెరిచి కూర్చున్నాడు, ఎవరైనా తెలియని మనిషి లోపలికి వస్తే తక్కెడ దించి లేచి నిలబడేవాడు. ఒకసారి చౌరస్తాలో మొగిలమ్మ ఎదురుపడింది. చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. అమ్మ కాళ్లు ఆగిపోయాయి. పక్కన జనం ఉన్నారు. మొగిలమ్మ మమ్మల్ని చూసి కాండ్రించి నేల మీద ఉమ్మి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చాక అమ్మ చాలాసేపు తలుపు వెనక కూర్చుంది.

భాద్రపదంలో ఇండియా మిలిటరీ వచ్చింది. రజాకార్ల జులుం ముగిసింది. బతుకమ్మ పండుగ నాటికి అన్న ఇంటికి వచ్చాడు, కొంచెం కుంటుతూ. వచ్చిన రెండో రోజే అమ్మ నన్ను తీసుకుని ఖిలాకు బయలుదేరింది.

మొగిలమ్మ గుడిసె ముందు కూర్చుని ఎడమచేత్తో జొన్నలు చెరుగుతోంది. కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. వేళ్లు ముడుచుకోవడం లేదు. ఆ చేత్తో ఇంక పురుడు పోయలేదు. అమ్మ ఆమె కాళ్ల దగ్గర కూలబడి, అన్న వచ్చాడని చెప్పి ఏడ్చింది.

"సందుల అందరికి చెప్తినే మొగిలీ. నువ్వు పెట్టలేదని ఇంటింటికి పోయి చెప్తిని" అంది అమ్మ.

"ఏమన్నరు?"

"రాజేశ్వరమ్మ ఏడ్చింది. తతిమ్మోళ్లు... సరే సరే అన్నరు."

మొగిలమ్మ చేట పక్కన పెట్టింది. "సరే అంటరు. కాని బిడ్డ కడుపుతోనున్న ఇంటికి నన్ను రమ్మనరు. పులుసు మాట ఇన్నరు గద, అది ఇంక పోదు."

నేను పెద్దవాళ్ల మధ్య మాట్లాడను. ఆ రోజు మాత్రం అడిగాను. "అవ్వా, ఆ దినం నీకు భయం కాలేదా?"

"ఎందుకు కాలే? జమేదారుకు గాదు, మీ అమ్మకు భయపడ్డ. తిట్టకుంట ఏడుస్తదేమోనని. ఒక్క బొట్టు రాలితే పిల్లగాడు దొరుకుతుండె." అమ్మ వైపు తిరిగింది. "నెయ్యి మాట అన్నంక గాని నీ నోరు లేవకపాయె."

"ఆ మాటలు నేను..." అని అమ్మ మొదలుపెట్టింది. నీ కడుపున ఒక్క కాయ కాయలేదన్న మాట అమ్మ గొంతులోనే ఉండిపోయింది.

"నాకేం యాదికి లేవు" అంది మొగిలమ్మ. అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

బిడ్డను చూడడానికి రమ్మని అమ్మ పట్టుబట్టింది. ఆమె చాలాసేపు కాదంది, చివరకు లేచింది. ముగ్గురం కలిసి నడిచాం. మా సందు మొగదలకు రాగానే ఆమె ఆగిపోయింది. కాపలా జవాను నిలబడిన చోట ఇప్పుడు ఎవరూ లేరు. అయినా అటే చూస్తోంది. వాకిళ్లలో ఉన్న ఆడవాళ్లు మమ్మల్ని చూశారు. ఒకామె, నెలలు నిండిన కోడలి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా లోపలికి తీసుకుపోయింది.

"నువ్వు ముందు నడువ్ సావుకారమ్మా" అంది మొగిలమ్మ. "ఈ సందుల ముందు నడువాలంటే నాకు భయమైతాంది."

అమ్మ ముందుకు పోలేదు. ఆమె ఎడమచేతిని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కన, మెల్లగా, మా ఇంటి వైపు నడిచారు.